సవరణ: యాంటీ చీట్ ఉంటే లినక్స్‌లో ఆట నడవదన్నది తప్పు

"ఈజీ యాంటీ చీట్ ఉన్న ఏ ఆటా లినక్స్‌లో నడవదు, ఆశ వదులుకోండి" అని మొన్న రాశాను (ఈజీ యాంటీ చీట్ అంటే ఆన్‌లైన్ ఆటల్లో మోసం చేసేవాళ్లను పట్టుకునే సాఫ్ట్‌వేర్). అది తప్పు, క్షమించండి. 2021 సెప్టెంబరులోనే దాని యజమాని ఎపిక్ సంస్థ, విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే వైన్, ప్రోటాన్‌లతో కూడా అది పనిచేసేలా చేసింది, కాకపోతే ఆట తయారుచేసినవాళ్లు తమ వైపు నుంచి ఆ సదుపాయాన్ని ఆన్ చేయాలి, అసలు మెలిక అక్కడే ఉంది. ఎల్డెన్ రింగ్ హాయిగా నడుస్తుంది. ఏపెక్స్ లెజెండ్స్ కూడా నడిచేది, 2024 అక్టోబరు చివర్లో లినక్స్ వాళ్లకు ఆపేశారు, ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

మరి మొన్న నా దగ్గర ఆట తెరుచుకున్న వెంటనే ఎందుకు మూసుకుపోయిందంటే, స్టీమ్ (ఆటలు కొని ఆడుకునే యాప్) లైబ్రరీలో టూల్స్ కింద ఉండే 'ప్రోటాన్ ఈజీ యాంటీ చీట్ రన్‌టైమ్' నేను ఇన్‌స్టాల్ చేసుకోలేదు. చేసుకుని మళ్లీ ప్లే నొక్కితే నేరుగా మెనూ వచ్చేసింది. నా మాట విని ఎవరైనా కొనడం మానేసి ఉంటే, దయచేసి మళ్లీ చూడండి.