సూది ‘లేదు’ అంటే లేనట్టేనా?

చెవి కింద వాపు కనిపిస్తే మన ఇళ్లలో ముందు గవదబిళ్లలే అనుకుంటారు. నెలలు గడిచినా గడ్డ కరగకపోతే అప్పుడు సూది పరీక్ష, అంటే ఎఫ్‌ఎన్‌ఏసీ. సన్నని సూదితో కాసిని కణాలు లాగి, గాజు పలక మీద పరిచి, రంగు వేసి చూస్తారు. కోత ఉండదు, ఖర్చూ తక్కువే. పైగా చెవి ముందు, కింద ఉండే లాలాజల గ్రంథి, అంటే పరోటిడ్, మధ్య నుంచే ముఖ నరం వెళ్తుంది కాబట్టి అక్కడ ముక్క కోసి పరీక్షకు పంపడానికి సర్జన్లు జంకుతారు.

ఈ పరీక్ష కచ్చితత్వం తొంభై శాతం పైమాటే అని తరచూ చెబుతుంటారు. ఆ అంకె మీద నాకు గురి లేదు. పరోటిడ్ కణితుల్లో దాదాపు 80 శాతం క్యాన్సర్ కానివే. సూది ముట్టకుండా అందరికీ ‘క్యాన్సర్ కాదు’ అని రాసిచ్చే వైద్యుడి మాట కూడా నూటికి 80 సార్లు నిజమవుతుంది మరి! చూడాల్సిన లెక్క వేరు. పరోటిడ్ గడ్డలపై 64 అధ్యయనాలను కలిపి 2011లో చేసిన విశ్లేషణ ప్రకారం, క్యాన్సర్ ఉంటే పట్టుకునే శక్తి సుమారు 80 శాతం, లేనప్పుడు లేదని చెప్పే శక్తి 97 శాతం. అంటే క్యాన్సర్ ఉన్న ఐదుగురిలో ఒకరు జారిపోతున్నారు. సూది ‘ఉంది’ అంటే చాలావరకు నమ్మవచ్చు. ‘లేదు’ అన్నప్పుడే మరో ప్రశ్న వేయాలి.

తప్పంతా స్లైడు చూసేవారిదే అనలేం. సూదికి కణాలు చిక్కుతాయి గానీ గడ్డలో వాటి అమరిక చిక్కదు. కొన్ని రకాల్లో కణితి తన పొర దాటి పక్కకు చొరబడిందా అన్నదే క్యాన్సర్‌కూ మామూలు కణితికీ తేడా. అది స్లైడు మీద కనిపించదు. తీవ్రత తక్కువగా ఉండే మ్యూకోఎపిడర్మాయిడ్ కార్సినోమా అనే లాలాజల గ్రంథి క్యాన్సర్‌లో సూదికి జిగురు ద్రవం మాత్రమే అందితే, చూడటానికి అది మామూలు నీటితిత్తే.

ఈ సందిగ్ధాన్ని లాలాజల గ్రంథుల సూది పరీక్ష ఫలితాలు రాయడానికి వచ్చిన 2018 నాటి మిలాన్ వర్గీకరణ దాచకుండా ఒప్పుకుంది. నివేదికలను ఆరు వర్గాలు చేసి, ఒక్కోదానికీ క్యాన్సర్ ముప్పు అంచనా కట్టింది. నాకు నచ్చినది మొదటి వర్గమే: కణాలు చాలకపోతే ‘నిర్ధారణకు చాలదు’ అనే రాయాలి. ఆ వర్గానికి తొలి కూర్పు వేసిన ముప్పు 25 శాతం. క్యాన్సర్ కాని కణితి అని తేలిన వర్గానికి 5 శాతం లోపే. వట్టి రక్తం వచ్చిన స్లైడు మీద కూడా ‘క్యాన్సర్ కణాలు కనిపించలేదు’ అని రాస్తే అబద్ధం కాదు, కానీ రోగి ఆ రెండు వర్గాల్లో ఎక్కడున్నాడో అందులో తెలియదు. గడ్డ పెరుగుతూ ఉన్నా, ముఖం ఒక పక్కకు లాగుతున్నా అలాంటి కాగితాన్ని పట్టుకుని కూర్చోకూడదు. అల్ట్రాసౌండ్ చూస్తూ మళ్లీ సూది వేయించాలి, లేదా కాస్త లావు సూదితో చేసే కోర్ బయాప్సీ గురించి అడగాలి.