తరిగి పెట్టుకున్నది ఎవరండీ?

మొన్నామధ్య ఒక సాయంత్రం ఏడుంబావుకి మా వారు హాల్లో కూర్చుని నాకొక వీడియో పంపారు. నేను వంటింట్లో ఉన్నాను. మా ఇద్దరి మధ్యా ఉన్నది ఒక కర్టెన్. వీడియో పేరు ‘పది నిమిషాల్లో హెల్దీ వెజ్ పాస్తా’. దాని కింద ఆయన సొంత వ్యాఖ్య: “పది నిమిషాలేనట!” ఆ చివరి ఆశ్చర్యార్థకం చూశారూ, మా పాతికేళ్ళ కాపురం అందులో ఇమిడిపోయింది.

చూశాను. మీరూ చూసే ఉంటారు, అందరిళ్ళకీ వచ్చే వీడియోనే. తెల్లటి వంటిల్లు, పోపు చిటపటలు ఎరగని స్టవ్వు, వరసగా తొమ్మిది గాజు గిన్నెలు. ఆవిడ తీయగా మొదలుపెడుతుంది: “ముందుగా కడిగి తరిగి పెట్టుకున్న క్యారెట్, పీచు తీసి తరిగి పెట్టుకున్న బీన్స్, ఒలిచి పెట్టుకున్న బఠాణీలు, మిక్సీ పట్టి పెట్టుకున్న టమాటా గుజ్జు, ఉడికించి పెట్టుకున్న పాస్తా...” ఇన్ని పెట్టుకున్నాక ఇక మిగిలింది కలపడమే. దానికి పది నిమిషాలు ఎందుకు పట్టిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

కర్త, కర్మ, క్రియ అని చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు బెత్తం పట్టుకుని మరీ నేర్పారు. ‘తరిగి పెట్టుకున్న బీన్స్’లో బీన్స్ ఉన్నాయి, తరగడం ఉంది. తరిగిన మనిషి ఏదీ? వంటల వీడియోలు మన భాషకి చేసిన సేవ ఇది. కర్తని కత్తిరించి, ఆ వాక్యాన్ని గాజు గిన్నెలో పోసి మన ముందు పెట్టాయి.

సరే, ఊరికే నిందించకూడదు, పరిశోధన చేసి మాట్లాడాలి అనుకున్నాను. ఆదివారం సాయంత్రం ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టాను. నలుగురికి 300 గ్రాముల పాస్తా. వంద గ్రాములకి లీటరు నీళ్ళన్నది ఇటలీ వాళ్ళ లెక్క, అంటే మూడు లీటర్లు. వీడియోలో నీళ్ళు పుట్టుకతోనే మరుగుతుంటాయి. మా ఇంట్లో నీళ్ళు కుళాయి నుంచి వస్తాయి. పెద్ద బర్నర్ మీద, మూతపెట్టి, పూర్తి మంట మీద అవి మరగడానికి 14 నిమిషాలు పట్టింది. వీడియో లెక్కన మేం తినడం మొదలుపెట్టి అప్పటికే నాలుగు నిమిషాలయింది. ఈలోగా మా అత్తయ్య వచ్చి గిన్నెలోకి తొంగి చూసి, “ఇన్ని నీళ్ళు కాస్తున్నావేంటమ్మా, ఎవరికి స్నానం?” అని అడిగింది. ఇటలీ వాళ్ళకి అత్తయ్యా అన్నాను.

అందులో పాస్తా వేశాక ప్యాకెట్ మీద రాసినట్టు 11 నిమిషాలు. పావుకిలో బీన్స్ పీచు తీసి తరగడానికి ఇంకో 11. పన్నెండు వెల్లుల్లి రెబ్బలు ఒలిచేసరికి గోళ్ళ సందుల్లో మంట. కాలీఫ్లవర్ రెమ్మల్ని ఉప్పు వేసిన వేడినీళ్ళలో వేసి పురుగు కోసం చూశాను. వీడియో కాలీఫ్లవర్‌కి పురుగు పట్టదు. అన్నట్టు మన సేమ్యాని ఇంగ్లీషులో పిలిచే వర్మిసెల్లి ఇటలీ వాళ్ళ మాటే, ‘చిన్న పురుగులు’ అని అర్థం. ఆ మాత్రం నిజాయితీ మన వాళ్ళకి లేదు. మధ్యలో నూనె చేత్తో ఫోన్ ముట్టుకున్నానో లేదో స్టాప్‌వాచ్ పోయి చీరల ప్రకటన వచ్చింది. గోడ గడియారాన్ని నమ్ముకుని లెక్క తేల్చాను: కంచాల్లోకి వచ్చేసరికి 58 నిమిషాలు. గిన్నెలకి అంటుకున్న చీజ్ వదిలించడానికి మరో 22.

ఇక ‘హెల్దీ’ సంగతి. నలుగురికి అరక్యారెట్, నాలుగు చీజ్ స్లైసులు, బొటనవేలంత వెన్న. ఆ అరక్యారెట్ మీద ఎంత భారం వేశారో పాపం. ఇటలీలో ఎండు పాస్తాని డ్యూరమ్ గోధుమ రవ్వతోనే చెయ్యాలని 1967లో చట్టమే తెచ్చారు. మన దగ్గర చవక ప్యాకెట్ ఒకటి వెనక్కి తిప్పి చదవండి, మైదా పలకరిస్తుంది. అదే గోధుమ రవ్వతో చేసిన సేమ్యాలో గుప్పెడు క్యారెట్, బీన్స్, బఠాణీ వేసి ఉప్మా చేస్తే “మళ్ళీ ఉప్మానా” అని ఇంటిల్లిపాదీ మొహం మాడ్చుకుంటారు. పిజ్జాతో వచ్చి ఫ్రిజ్ తలుపులో ఏడాదిగా పడున్న ఆరెగానో పొట్లం దాని మీద చల్లి చూడండి, ఫొటోలు తీస్తారు.

ఇదంతా నవ్వుకునే సంగతే. నాకు ఒళ్ళు మండేది ‘పది నిమిషాలేనట’లో ఉన్న ఆ ‘ఏ’ దగ్గర. 2019లో ప్రభుత్వమే దేశమంతా సర్వే చేసి, ఎవరు దేనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో లెక్కగట్టింది. జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారని అప్పుడు తేలింది. మగవాళ్ళు 97. అదీ పని ముట్టుకున్న మగవాళ్ళ లెక్క, ఆ ముట్టుకున్నది నూటికి 26 మంది. ఐదు గంటలండీ! పది నిమిషాలు కాదు, ఐదు గంటలు, రోజూ, పండగతో సహా! ఆ ఐదు గంటల్ని గాజు గిన్నెల్లో దాచేసి పది నిమిషాలు అని రాస్తారు. ఇంట్లోవాళ్ళు అది నమ్ముతారు. ఇక రాత్రి ఎనిమిదింటికి పిల్లవాడు అడగొచ్చు, తొమ్మిదింటికి చుట్టాలు దిగొచ్చు. పది నిమిషాలేగా! ఆలస్యమైతే వీడియోని ఎవరూ అనరు, “ఇంకా కాలేదా” అని నన్నే అంటారు. ఆఫీసులో తొమ్మిది గంటలు పనిచేసి వచ్చి బీన్స్ పీచు తీస్తుంటే, సోఫాలో కాళ్ళు చాపుకున్న మనిషి నా పని ఎంత సులువో నాకు వీడియో పంపి చెబుతాడా? ఆ వీడియోలో ఆవిడని నేనేమీ అనను. కెమెరా ఆపాక ఆ తొమ్మిది గిన్నెలూ ఆవిడే కడుక్కుని ఉంటుంది.

మరుసటి ఆదివారం మా వారికే అప్పజెప్పాను. రెండు కిటుకులు మాత్రం చెప్పాను: కూరగాయల్ని విడిగా ఉడికించకుండా చివరి నాలుగు నిమిషాలు పాస్తా నీళ్ళలోనే వెయ్యమని, ఆ నీళ్ళు ఒక కప్పు ఆపుకుంటే చీజ్, వెన్న లేకుండానే చిక్కగా వస్తుందని. ఆరింటికి లోపలికెళ్ళారు. “ఏమోయ్, చిల్లుల గిన్నె ఎక్కడ?” “ఏమోయ్, ఉప్పు ఏ డబ్బాలో?” “ఏమోయ్, ఇది ఉడికినట్టేనా?” ఎనిమిదీ ఇరవైకి పాస్తా వచ్చింది. బాగుంది, కాదనను. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టారు.

తిన్నాక వంటింట్లోకి వెళ్ళాను. సింకు నిండా గిన్నెలు, వాటి నిండా నీళ్ళు, పైన తేలుతూ ఒక బఠాణీ.

“ఇవేంటండీ?”

“నానబెట్టి పెట్టాను కదా” అన్నారు.