ఒక్క మాట బోల్డ్ చేయడానికి ఇన్ని తిప్పలా?

రామప్ప గుడి మీద వికీపీడియాలో నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటే రాత కంటే గుర్తులతో కొట్లాటే ఎక్కువ. బోల్డ్ కావాలంటే వికీలో మూడు అపాస్ట్రఫీలు, మార్క్‌డౌన్‌ అనే ఇంకో గుర్తుల పద్ధతిలో రెండు స్టార్లు, వాట్సాప్‌లో ఒక్క స్టార్. ఎందుకిన్ని? లైను మొదట్లో హ్యాష్ పెడితే మార్క్‌డౌన్‌లో హెడ్డింగ్, వికీలో నంబర్ల జాబితా!

తెలుగులో రాసేవాళ్ల బాధ ఎవరికి పట్టింది? ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ కీబోర్డులో అపాస్ట్రఫీ మీట నొక్కితే ‘ట’ పడుతుంది, స్క్వేర్ బ్రాకెట్ నొక్కితే ‘డ’ పడుతుంది, అంటే ఒక్క లింకు ఇవ్వాలంటే ఇంగ్లీషుకు మారి రెండు బ్రాకెట్లు తెరవాలి, తెలుగుకు వచ్చి పేరు కొట్టాలి, మళ్లీ ఇంగ్లీషుకు పోయి మూయాలి. లింకు లింకుకీ ఇదే!

వికీపీడియా లాంటి వికీ సైట్లన్నిటికీ ఒకే గుర్తుల పద్ధతి ఉండాలని 2007లో ‘క్రియోల్ 1.0’ తెచ్చారు. మంచి పనే. మరి వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్ మారిందా? లేదు. గుర్తులు లేకుండా దిద్దుకునే విజువల్ ఎడిటర్ ఉంది కదా అంటారు, మూస (చాలా పేజీల్లో వాడుకునే అచ్చు) పేజీ సరిచేయాలంటే మళ్లీ కోడే.

హనుమకొండలో, ములుగులో ఊరి చరిత్ర నోటికి చెప్పగల పెద్దసార్లు ఎంతమంది లేరు? వాళ్లు ఒక్క గుర్తు మర్చిపోతే పట్టికంతా చెదిరిపోతుంది. ఇంకోసారి ఆ పేజీ జోలికి వస్తారా?