ఎవరి కర్వ్ వాళ్లదే

సయనోటైప్ అంటే ఇనుప లవణాలు పూసిన కాగితం మీద నెగెటివ్ పెట్టి, ఎండలోనో యూవీ (అతినీలలోహిత) దీపం కిందో ఉంచి, నీళ్లలో కడిగి నీలం ఫోటో తీయడం. ఆ నెగెటివ్‌ను ఇప్పుడు ఇంట్లోని ఇంక్‌జెట్ ప్రింటరుతో పారదర్శక ఫిల్ము మీద వేసుకుంటాం. లేత నుంచి ముదురు దాకా టోన్లన్నీ ప్రింటులో సరిగ్గా రావడానికి ఫోటో ఫైలులో ముందే చేసే సవరణే కర్వ్. ఈ పని మొదలెట్టిన ప్రతివాళ్లూ ఏదో ఒక రోజు అడిగే మాట: “మీ కర్వ్ ఫైలు కాస్త పంపుతారా?” పంపడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. పంపినా అది అక్కరకు రాదు, అంతే. ఒక ప్రింటరు, ఒక ఇంకు, ఒక ఫిల్ము, ఒక కాగితం, ఒక దీపం, ఒక ఊరి నీళ్లు, ఈ ఆరూ కలిస్తే పుట్టేది ఆ కర్వ్. అందులో ఒక్కటి మారినా అది పక్కింటాయన కళ్లజోడే. పెట్టుకోగలం, చదవలేం. ప్రింటు చెడ్డాక మాత్రం తిట్లన్నీ రసాయనాలకే. 1842లో జాన్ హెర్షెల్ దీన్ని కనిపెట్టిననాటి నుంచి అందులో వాడే ఇనుప లవణాలు పెద్దగా మారలేదండీ. 100 మి.లీ. నీళ్లలో 25 గ్రాముల ఆకుపచ్చ ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, మరో 100 మి.లీ.లో 10 గ్రాముల పొటాషియం ఫెర్రిసయనైడ్, పూసే ముందు రెండూ సమానంగా కలపడం. ఇందులో తప్పు చేయడానికే కష్టపడాలి. తప్పంతా నెగెటివ్‌లో ఉంటుంది.

మొదటి భ్రమ: నెగెటివ్ నల్లగా ఉంటే గట్టిదని. కంటికి నల్లగా కనిపించడం వేరు, యూవీని ఆపడం వేరు. కిటికీకి అడ్డంపెడితే చిమ్మచీకటిగా ఉన్న నెగెటివ్ కూడా ఎండలో జల్లెడ కావచ్చు. డై ఇంకుల్లో (రంగు పూర్తిగా కరిగి ఉండేవి) సయాన్, మెజెంటా రెండూ యూవీని చాలావరకు వదిలేస్తాయి. పైగా ఇళ్లలో ఉండే ట్యాంకు ప్రింటర్లు చాలావాటిలో నలుపు ఒక్కటే పిగ్మెంట్ (కరగని సన్నటి రంగు పొడి ఉన్న ఇంకు), మిగతా మూడూ డై. ప్రింటరు డ్రైవర్‌లో (కంప్యూటర్‌లోని దాని సెట్టింగుల్లో) గ్లాసీ ఫోటో పేపర్ అని పెట్టగానే చాలా ప్రింటర్లు ఆ నల్ల సీసా జోలికే పోవు, మూడు రంగులూ కలిపి నలుపు చేస్తాయి. పోనీ ప్లెయిన్ పేపర్ అని పెడదామా అంటే పిగ్మెంట్ నలుపు ఫిల్ము మీద ఆరక, వేలు తగిలితే చాలు చెదిరిపోతుంది.

ఫిల్ము సంగతి. లేజర్ ప్రింటర్లకు అమ్మే ఓహెచ్‌పీ షీటు మీద ఇంకు తామరాకు మీద నీటిబొట్టులా నిలుస్తుంది. కావాల్సింది ఇంక్‌జెట్ పూత ఉన్న షీటు. పిక్టోరికో కంపెనీ ఫిల్ము మంచిదే కానీ ఖరీదెక్కువ. మన ఊళ్లలో స్క్రీన్ ప్రింటింగ్ సామాను అమ్మే షాపుల్లో పాజిటివ్ ఫిల్ము అని కాస్త పాలరంగులో ఉండేది దొరుకుతుంది, అది చాలు. తడి వేలితో మూలన తాకి చూడండి, జిగురుగా పట్టుకునే వైపే పూత. అన్నట్టు, పెళ్లిపత్రికలు వేసేవాళ్ల సెట్టింగులు మాత్రం అరువు తెచ్చుకోకండి. వాళ్లకు కావాల్సింది అక్షరం చుట్టూ నిండు నలుపు. ఆకాశంలో మబ్బు పొరలు వాళ్లకెందుకు? ఆ లెక్కన ఇంకు గుమ్మరిస్తే ఫిల్ము మీద చిన్న చిన్న మడుగులు కట్టి, ప్రింటులో ఆకాశమంతా రవ్వ చల్లినట్టు వస్తుంది.

ఇక అసలు గొడవ, వరస తప్పడం. ఎక్స్‌పోజర్ టైమ్ తేల్చుకోకుండానే కర్వ్ గీసుకునేవాళ్లే ఎక్కువ. ముందు ఇంకు లేని ఖాళీ ఫిల్ము ముక్కను పూసిన కాగితం మీద పెట్టి, పైన అద్దం బిగించి, అట్టముక్క జరుపుతూ 2, 4, 6, 8, 10, 12 నిమిషాల పట్టీలు వేయండి. కడిగి పూర్తిగా ఆరనివ్వండి. నీలం ఏ పట్టీ దగ్గర ఇక ముదరడం మానేసిందో అదే మీ టైమ్. ఖాళీ ఫిల్ము ఎందుకంటే, అది కూడా కొంత యూవీని తింటుంది. దీపం కింద కాగితం బూడిదరంగుకు తిరిగితే కంగారుపడొద్దు, నీళ్లలో పడ్డాక నీలం వెనక్కి వస్తుంది. ఈ టైమ్ తేలాక ఇక దాన్ని ముట్టుకోవద్దు. ప్రింటు వెలిసినట్టుందని 3 నిమిషాలు పెంచారంటే ఆ తర్వాత చేసే లెక్కంతా వృథా.

తర్వాత రంగు. ఎరుపు నుంచి పసుపు, ఆకుపచ్చ, నీలం దాకా నిండు రంగుల గడులు ప్రింటు చేసి అదే టైమ్ ఇవ్వండి. ఏ గడి కింద కాగితం తెల్లగా మిగిలితే అదే మీ నెగెటివ్ రంగు. తరచు పసుపు కలిసిన రంగులే గెలుస్తాయి. కానీ 365 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న యూవీ దీపం కింద గెలిచిన రంగు 395 కింద ఓడిపోవచ్చు. అందుకే దీపం మార్చినా ఈ పరీక్ష మళ్లీ చేయాలి. చాలా రంగులు తెల్లగానే మిగిలాయా? వాటిలో అన్నిటికన్నా బలహీనమైనది తీసుకోండి. అవసరానికి మించి ఆపే రంగు తీసుకుంటే లేత టోన్లన్నీ తెలుపులో కలిసిపోతాయి.

ఇప్పుడొస్తుంది కర్వ్. 0 నుంచి 100 శాతం నలుపు దాకా 5 చొప్పున 21 గడుల పట్టీని అదే రంగులో నెగెటివ్ చేసి ప్రింటు తీయండి. ఒక రోజు ఆగి స్కాన్ చేయండి. తడిగా ఉన్నప్పుడు నీలం ఇంకా పూర్తిగా తేరుకోదు. తొందరైతే చివరి కడుగులో కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే వెంటనే ముదురుతుంది. స్కానర్‌లో ఆటో కరెక్షన్లన్నీ ఆపేయాలి, లేకపోతే కొలిచేది స్కానర్ తెలివిని. దిద్దకుండా తీసిన మొదటి పట్టీలో ముదురు వైపు నాలుగైదు గడులు ఒకే నీలంలా కనిపించడం మామూలే, వాటిని విడదీయడమే కర్వ్ పని. ఫైలు 16 బిట్‌లో ఉంచండి, టోన్ల మెట్లు 8 బిట్‌లో కన్నా చాలా ఎక్కువ ఉంటాయి. 8 బిట్‌లో నిటారు కర్వ్ వేస్తే ఆకాశం మెట్లు మెట్లుగా విరుగుతుంది.

ఫోటోషాప్ లాంటి దాంట్లో ఫైలు వరస ఇది: నలుపు తెలుపు (గ్రేస్కేల్) చేయడం, సైజు (ఎప్సన్ ప్రింటరుకైతే 360 పీపీఐ, అంటే అంగుళానికి 360 పిక్సెళ్లు), కర్వ్, ఇన్వర్ట్ (నలుపు తెలుపులను తారుమారు చేయడం), పైన ఎంచుకున్న రంగు లేయర్‌ను స్క్రీన్ మోడ్‌లో, చివర అద్దంలో చూసినట్టు అడ్డంగా తిప్పడం. తిప్పకపోతే ఇంకు వైపు కాగితానికి ఆనదు, మధ్యలో ఫిల్ము మందం వచ్చి అంచులు మసకేస్తాయి. డ్రైవర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆఫ్, హైస్పీడ్ ఆఫ్. పేపర్ రకం ఏది పెట్టి పరీక్షించారో ఎప్పటికీ అదే. సన్నటి సమాంతర గీతలు వస్తే కర్వ్ మీద పడకండి, నాజిల్ చెక్ (ఇంకు చిమ్మే రంధ్రాలు మూసుకుపోయాయేమోనన్న పరీక్ష) చేయండి.

తీరప్రాంతం వాళ్లకు ఒక మాట. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో కాగితం ఆరిందనిపిస్తుంది కానీ ఆరదు. ఆ తేమకు నెగెటివ్ పూత కాగితానికి అతుక్కుని, ఊడదీస్తే మచ్చలు పడతాయి. నెగెటివ్‌ను రాత్రంతా ఆరనివ్వడం, కాగితానికి చల్లగాలి డ్రయ్యర్ పట్టడం, మధ్యలో పల్చటి పాలియెస్టర్ షీటు వేయడం, ఈ మూడూ చేయండి. షీటు వేస్తే పరీక్షలు కూడా దాంతోనే చేయాలి.

నీళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. బోరు నీళ్లకు క్షారగుణం ఎక్కువైతే కడుగుతుండగానే నీలం పాలిపోతుంది. మొదటి కడుగులో లీటరుకు ఒక చెంచా నిమ్మ ఉప్పు వేస్తే నీలం నిలుస్తుంది, మధ్య టోన్లు కూడా విడివిడిగా వస్తాయి. అంటే దాంతోపాటే కర్వ్ కూడా మారుతుంది, కాబట్టి 21 గడుల పట్టీని కూడా నిమ్మ ఉప్పు నీళ్లలోనే కడగాలి. కాగితం కొనేముందు చిక్కటి నిమ్మ ఉప్పు నీళ్లు ఒక చుక్క వేసి చూడండి. సన్నగా బుడగలొస్తే అందులో సుద్ద ఉన్నట్టే. దానిదీ క్షారగుణమే, కాబట్టి ఆ కాగితాన్ని పెన్సిల్ బొమ్మలకు ఉంచుకోండి.

సీసా ఇంకు అయిపోయి వేరే కంపెనీది పోశారా? ముందు రంగు గడులు, ఆ తర్వాత 21 గడుల పట్టీ, రెండూ మళ్లీ చేయాలి. ఆరబెట్టే సమయం పోను ఒక పూట పని.