ఏడాది పాటు విదేశంలో పని, ప్రయాణం: లాటరీ తగలకముందే వేసుకోవాల్సిన లెక్కలు

తెలుగు ఇళ్లలో విదేశం అంటే ఇప్పటికీ ఎమ్మెస్సే. ముందు లోను, తర్వాత చదువు, ఆ లోను తీర్చడానికి ఉద్యోగం. అలా కాకుండా ఓ ఏడాది అక్కడ పని చేసుకుంటూ, ఊళ్లు చూసి తిరిగొచ్చేద్దామనుకునే వాళ్లకు భారతీయ పాస్‌పోర్టు మీద చెప్పుకోదగ్గ దారులు తెరుచుకుని కొన్నేళ్లే అయింది. వీటి గురించి మన దగ్గర సమాచారం తక్కువ, ఆశ చూపి డబ్బు గుంజేవాళ్లు ఎక్కువ.

ఒకటి ఆస్ట్రేలియా ఇచ్చే 'వర్క్ అండ్ హాలిడే' వీసా, సబ్‌క్లాస్ 462. 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందం పుణ్యమా అని భారతీయులకు ఏటా 1,000 వీసాలు కేటాయించారు. ఎవరికివ్వాలో లాటరీ తీసి తేల్చే తొలి బ్యాలట్ 2024లో జరిగింది. వయసు 18 నుంచి 30 మధ్య ఉండాలి. డిగ్రీలో కనీసం రెండేళ్లు పూర్తయి ఉండాలి. బ్యాంకులో 5,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, ఆపైన తిరుగు టికెట్టుకు సరిపడా డబ్బు చూపాలి. బ్యాలట్ రుసుము 25 డాలర్లు. రెండోది బ్రిటన్ 'ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్'. ఏటా 3,000 వీసాలు, అదే వయసు, కానీ డిగ్రీ చేతిలో ఉండాలి. గడువు రెండేళ్లు. బ్యాలట్‌కు పైసా కట్టక్కర్లేదు. ఏడాదికే వెళ్లొద్దామనుకున్నా ఆరోగ్య సర్‌ఛార్జీ మాత్రం రెండేళ్లకూ కట్టాల్సిందే: ఏడాదికి 776 పౌండ్ల చొప్పున 1,552. వీసా ఫీజు దీనికి అదనం.

రెండు చోట్లా ఎంపిక కంప్యూటర్ తీసే లాటరీయే. ఆస్ట్రేలియా తొలి బ్యాలట్‌కు రెండు వారాల్లోనే 40 వేల మంది పేర్లు ఇచ్చారు. "మా ద్వారా వేస్తే గ్యారంటీ" అని ఏ కన్సల్టెన్సీ చెప్పినా అది పచ్చి అబద్ధం. ఎవరు వేసినా అవకాశం ఒక్కటే. పావుగంటలో ఎవరికి వారు నింపుకోగలిగే ఫారానికి వేలకు వేలు ఇవ్వడం శుద్ధ దండగ.

పేరు వచ్చాకే అసలు తిప్పలు మొదలవుతాయి. ఆస్ట్రేలియా ఆహ్వానం వచ్చాక దరఖాస్తుకు 28 రోజులే సమయం. మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇంటిపేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, పాన్‌లో ముందువెనకలవుతుంది. ఆస్ట్రేలియా బ్యాలట్‌కు పాన్ నంబరు కూడా అడుగుతారు. ఆ 28 రోజుల్లో యూనివర్సిటీ చుట్టూ తిరిగి సరిచేయించుకోవడం జరిగే పని కాదు, బ్యాలట్ తెరవకముందే చూసుకోవాలి. బ్రిటన్‌కైతే 2,530 పౌండ్లు ఖాతాలో వరసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. చేబదులు తెచ్చి ముందురోజు వేస్తే చెల్లదు. మధ్యలో ఒక్కరోజు నిల్వ తగ్గినా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. క్షయ పరీక్ష కూడా వాళ్లు గుర్తించిన క్లినిక్‌లోనే చేయించుకోవాలి.

ఆస్ట్రేలియాలో దిగాక మొదటి వారం చేయాల్సింది టీఎఫ్ఎన్ అనే పన్ను నంబరు తీసుకోవడం. అది ఇవ్వకపోతే జీతంలో 45 శాతం దాకా కోత పడుతుంది. నంబరు ఉండి, యజమాని ఈ వీసావాళ్లను పెట్టుకోవడానికి నమోదై ఉంటే తొలి 45,000 డాలర్ల వరకు 15 శాతమే. 2025 జులై లెక్కన కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. పర్మనెంటు కాని క్యాజువల్ పనికి దాని మీద 25 శాతం అదనంగా రావాలి, అంటే సుమారు 31 డాలర్లు. పండ్ల తోటల్లో బుట్టల లెక్కన కట్టినా గంటకు కనీస మొత్తం దక్కాలన్న నిబంధన 2022 నుంచి ఉంది. పేస్లిప్ చేతికి రాగానే యజమాని ఏబీఎన్ (వ్యాపార గుర్తింపు) నంబరు, గంటలు, మన పీఎఫ్ లాంటి సూపర్ మొత్తం, ఈ మూడూ చూడాలి. గంటలు తగ్గించి రాస్తే ఆ వారమే అడగాలి. రెండో ఏడాది వీసాకు నిర్ణీత ప్రాంతాల్లో మూడు నెలల పని చూపించాలి, అందుకు ఆధారం ఆ కాగితాలే. చేతికి నోట్లిచ్చే పని ఎంత చేసినా లెక్కలోకి రానట్టే. ఒకే యజమాని దగ్గర సాధారణంగా ఆరు నెలలకు మించి ఉండకూడదు. సూపర్ జీతం మీద 12 శాతం. దేశం విడిచాక తీసుకుంటే దానిలో 65 శాతం పన్ను కిందే పోతుంది. అందుకే దాన్ని పొదుపుగా లెక్కేసుకోకూడదు.

ముప్పై దాటిన వాళ్లకు మిగిలేది ల్యాప్‌టాప్ దారి, అంటే ఇక్కడి ఉద్యోగాన్నే విదేశంలో కూర్చుని చేయడం. థాయిలాండ్ డీటీవీ వీసా ఐదేళ్లది, ప్రవేశించిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు. 5 లక్షల బాత్‌ల నిల్వ చూపాలి. మలేషియా డీఈ రంటావు వీసాకు ఐటీవాళ్లయితే ఏడాదికి 24,000 అమెరికన్ డాలర్ల ఆదాయం ఉండాలి. ఇక్కడ అడ్డం పడేది వీసా కంటే ఎక్కువగా కంపెనీయే. ఏ దేశం నుంచి లాగిన్ అవుతున్నారో ఐటీ విభాగానికి తెలిసిపోతుంది. హెచ్ఆర్ నుంచి రాతపూర్వక అనుమతి లేకుండా బయల్దేరితే ఉద్యోగానికే ఎసరు. టూరిస్టు వీసా మీద వెళ్లి గదిలో కూర్చుని పని చేసుకుంటే ఎవరు చూస్తారనుకోవడం కూడా సరికాదు. పట్టుబడితే పడే మచ్చ ఆ తర్వాతి ప్రతి వీసా దరఖాస్తులోనూ చెప్పుకోవాల్సి వస్తుంది.

చాలామంది పట్టించుకోనిది బయల్దేరే నెల. మన ఆదాయపు పన్ను లెక్క ఏప్రిల్ నుంచి మార్చి వరకు. ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఆ ఏడాదిలో 182 రోజుల కంటే తక్కువ ఇక్కడుంటేనే నాన్ రెసిడెంట్, అంటే అక్కడి సంపాదనను ఇక్కడ చూపక్కర్లేని వాళ్లు. అక్టోబరు రెండో వారంలో వెళితే అప్పటికే ఆ గడువు దాటిపోతుంది. మరుసటి అక్టోబరులో పూర్తిగా తిరిగొచ్చేస్తే, ముందటేళ్లన్నీ ఇక్కడే ఉన్నారు కాబట్టి ఆ ఏడాదిలో 60 రోజులు ఇక్కడున్నా రెసిడెంటే అనే నిబంధన పట్టుకుంటుంది. అంటే రెండు ఆర్థిక సంవత్సరాల్లోనూ రెసిడెంటే, అక్కడి సంపాదనంతా ఇక్కడి రిటర్నులో చూపాల్సిందే. అక్కడ కట్టిన పన్నుకు క్రెడిట్ దొరుకుతుంది గానీ కాగితాలన్నీ ఉండాలి. అదే మే నెలలో వెళ్లి మే నెలలో వస్తే సంపాదనలో ఎక్కువ భాగం నాన్ రెసిడెంట్ ఏడాదిలోనే పడుతుంది. వీసా వచ్చాక ఆస్ట్రేలియాలో అడుగుపెట్టడానికి 12 నెలల వ్యవధి ఇస్తారు, బయల్దేరే నెల ఎంచుకునే వీలు చాలామందికి ఉన్నట్టే.