ఇండోనేసియా పొగ: సముద్రం జూన్‌లోనే చెబుతుంది

2015లో ఇండోనేసియాలో దాదాపు 26 లక్షల హెక్టార్లు తగలబడ్డాయి. మన లెక్కలో 64 లక్షల ఎకరాల పైమాటే. 2019లో 16 లక్షల హెక్టార్లు, 2023లో 11 లక్షల పైచిలుకు. మూడుసార్లూ సుమత్రా దీవి, బోర్నియో దీవిలోని కాలిమంతాన్ ప్రాంతాల పొగ సరిహద్దులు దాటి మలేసియా, సింగపూర్ల మీద పడింది. ఇలాంటి ప్రతి ఏడాదీ వినిపించే మాట ఒకటే: ఎల్‌నినో, అంటే పసిఫిక్ మహాసముద్రం మామూలుకంటే వేడెక్కడం వల్ల. ఇందులో సగమే నిజం. మిగతా సగం నేల మీద ఉంది, దాన్ని సరిదిద్దడం మనుషుల చేతిలో పని.

ముందు సముద్రం సంగతి. 2019 ఆగస్టుకల్లా పసిఫిక్‌లో ఎల్‌నినో లేదు. అంతకుముందు ఉన్న బలహీనమైనదీ అప్పటికే సద్దుమణిగింది. అయినా 16 లక్షల హెక్టార్లు కాలాయంటే కారణం ఇటువైపు, హిందూ మహాసముద్రంలో ఉంది. ఇండియన్ ఓషన్ డైపోల్‌గా మనం పిలిచే ఈ చక్రాన్ని 1999లో ఎన్.హెచ్. సాజీ, తొషియో యమగాటా బృందం వివరించింది. మామూలుగా సుమత్రా, జావా తీరాల దగ్గర సముద్రం వెచ్చగా ఉండి మేఘాలు కడతాయి. డైపోల్ పాజిటివ్‌కు తిరిగినప్పుడు ఆగ్నేయ గాలులు బలపడి తీరం వెంట అడుగునున్న చల్లటి నీటిని పైకి తెస్తాయి. ఆవిరి తగ్గుతుంది, మేఘాలు ఆఫ్రికా వైపు జరిగిపోతాయి. 2019 అక్టోబరులో పడమటి, తూర్పు భాగాల ఉష్ణోగ్రతల తేడాను కొలిచే సూచీ రెండు డిగ్రీలు దాటింది. ప్లస్ 0.4 దాటితేనే పాజిటివ్ దశ కింద లెక్క. అదే ఏడాది మన దేశంలో నైరుతి రుతుపవనాలు సగటులో 110 శాతం కురిశాయి. మనకు వానలు కలిసిరావడానికి తోడ్పడిన డైపోలే కాలిమంతాన్‌ను ఎండగట్టింది.

ఎల్‌నినో, పాజిటివ్ డైపోల్ రెండూ ఒకే ఏడాది కలిస్తే వచ్చేది 1997. ఆ ఏడాది ఇండోనేసియా పీట్ నేలలు (కుళ్లని ఆకులు, వేర్లు పేరుకున్న చిత్తడి నేలలు), అడవుల మంటల నుంచి 81 కోట్ల నుంచి 257 కోట్ల టన్నుల కార్బన్ గాలిలో కలిసిందని శాస్త్రవేత్త సుసాన్ పేజ్ బృందం 2002లో లెక్కగట్టింది. ప్రపంచమంతా ఏడాదిలో సగటున బొగ్గు, చమురు, గ్యాస్ మండించి వదిలే కార్బన్‌లో ఇది 13 నుంచి 40 శాతం.

ఎండ పెరిగిన కొద్దీ మంటలు కూడా ఆ నిష్పత్తిలోనే పెరుగుతాయని అనుకోవడం సహజం. అలా జరగదు. పొడికాలంలో వాన రోజుకు సగటున నాలుగు మిల్లీమీటర్ల పైన ఉన్నంతకాలం పెద్దగా ఏమీ కాదు. ఆ గీత కిందికి జారిందంటే మంటలు ఒక్కసారిగా ఎగబాకుతాయి. అందుకే ఒక మోస్తరు ఎల్‌నినో ఏడాదికీ బలమైన ఎల్‌నినో ఏడాదికీ మధ్య పొగలో తేడా కొన్ని రెట్లు ఉంటుంది.

ఈ వాదనలో నాకు అన్నిటికంటే బలంగా కనిపించే సాక్ష్యం విమానాశ్రయాల రికార్డుల్లో ఉంది. పైలట్ల కోసం రోజూ నమోదు చేసే దృశ్యగోచరత (ఎంత దూరం కనిపిస్తుందన్న) లెక్కలను శాస్త్రవేత్త రాబర్ట్ ఫీల్డ్ బృందం 1960 నుంచి తిరగేసింది. సుమత్రాలో 1960ల నుంచే కరవు వచ్చిన ప్రతిసారీ పొగ ఉంది. కాలిమంతాన్‌లో మాత్రం 1980ల దాకా గట్టి కరవు వచ్చినా పెద్ద పొగ లేదు. ఆ తర్వాత అక్కడా మొదలైంది. మధ్యలో మారింది అడవులు నరకడం, వలస కాలనీలు, కాలువలు. 1990ల మధ్యలో సుహార్తో ప్రభుత్వం మధ్య కాలిమంతాన్‌లో పది లక్షల హెక్టార్ల చిత్తడి నేలను వరి పొలాలుగా మారుస్తామని వేల కిలోమీటర్ల కాలువలు తవ్వించింది. వరి పండలేదు. నీరు మాత్రం ఇంకిపోయింది.

అక్కడి పీట్ నేల అంటే వేల ఏళ్లుగా నీళ్లలో నానుతూ, పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయిన ఆకులు, కొమ్మలు, వేర్లు. కొన్నిచోట్ల దాని మందం పది మీటర్లు దాటుతుంది. తడిగా ఉన్నంతసేపూ అంటుకోదు. కాలువ తవ్వి నీటిని సముద్రంలోకి వదిలేస్తే పై పొర ఎండుతుంది. ఒకసారి బాగా ఎండిన పీట్ మళ్లీ నీటిని సరిగా పీల్చుకోదు, వాన పడినా జారిపోతుంది. అలాంటి నేల మీద చేను శుభ్రం చేయడానికి పెట్టిన నిప్పు కిందికి దిగుతుంది. పాలు కాచే దాలిలో పిడక రాజుకున్నట్టు, మంట పైకి కనిపించకుండా వారాల తరబడి రగులుతూనే ఉంటుంది. గాలి చాలక, తక్కువ వేడిలో కాలుతుంది కాబట్టి కిలో ఇంధనానికి వచ్చే కార్బన్ మోనాక్సైడ్, పీఎం 2.5 (ఊపిరితిత్తుల్లోకి దిగే అతి సన్నని ధూళి) రెండూ మామూలు మంటకంటే ఎక్కువ. ఉపగ్రహాలు వెతికేది వేడి చుక్కలను. నేల లోపల రగిలే నిప్పు, అందులోనూ దట్టమైన పొగ కింద ఉంటే, వాటికి తరచూ చిక్కదు.

2015లో కాలినదానిలో దాదాపు 9 లక్షల హెక్టార్లు ఇలాంటి పీట్ నేలే. ఆ పొగ వల్ల మూడు దేశాల్లో కలిపి లక్ష మందికి పైగా అకాలంగా చనిపోయి ఉంటారని హార్వర్డ్, కొలంబియా పరిశోధకుల అంచనా. అందులో 91 వేలకు పైగా ఇండోనేసియన్లే. ప్రభుత్వం ఒప్పుకున్న సంఖ్య రెండంకెలు దాటలేదు. ఊపిరితిత్తుల జబ్బుతోనో గుండెపోటుతోనో పోయినవాళ్ల మరణ పత్రంలో పొగ అని ఎవరూ రాయరు. ఆ తేడా అక్కడి నుంచే వస్తుంది.

సముద్రం మీదే నెపం నెట్టేవాళ్లు 2013 జూన్‌ను గుర్తు చేసుకోవాలి. ఎల్‌నినో లేదు. సుమత్రాలోని రియావు ప్రాంతంలో కొన్ని వారాల వానలేమి, అంతే. సింగపూర్‌లో జూన్ 21న కాలుష్య సూచీ 401కి చేరింది, అప్పటికి అదే రికార్డు. నేల అంతగా పాడైనచోట పెద్ద కరవు దాకా ఆగక్కర్లేదు.

సముద్రం ఇచ్చే మేలు ఒకటుంది: ముందస్తు కబురు. మార్చి, ఏప్రిల్‌లలో వచ్చే ఎల్‌నినో అంచనాలను నమ్మి డబ్బు ఖర్చు పెట్టలేం, ఆ నెలలు దాటేదాకా మోడళ్లకు పట్టు చిక్కదు. జూన్‌కు స్పష్టత వస్తుంది. డైపోల్ కూడా మే, జూన్‌లలో మొలకెత్తి, సెప్టెంబరు, అక్టోబరుల్లో ముదిరి, ఏడాది చివర గాలులు తిరగగానే చప్పబడుతుంది. అంటే చేతికి రెండు నెలలు దొరుకుతాయి. మేఘాల్లో ఉప్పు చల్లి వాన కురిపించాలంటే ఈ రెండు నెలల్లోనే చేయాలి, ఎందుకంటే అక్టోబరులో చల్లడానికి మేఘమే ఉండదు. కాలువల తూములు మూయడం, యంత్రంతో చేను శుభ్రం చేసుకోవడానికి చిన్న రైతుకు సాయం అందించడం కూడా అప్పుడే జరగాలి. నిప్పు పెట్టడం కంటే చవకైన పద్ధతి ఆ రైతుకు లేదు, నిషేధం ఒక్కటే ఆపలేదు. సెప్టెంబరులో హెలికాప్టర్లు పోసే నీళ్లు పై మంటను ఆర్పుతాయి, అర మీటరు లోతున ఉన్న నిప్పు అలాగే ఉంటుంది.

అసలు మందు నీటి మట్టం. ఇండోనేసియా 2016 నిబంధన ప్రకారం సాగులో ఉన్న పీట్‌లో భూగర్భ నీరు ఉపరితలానికి 40 సెంటీమీటర్ల కంటే కిందికి పోకూడదు. దానికోసం కాలువలకు అడ్డుకట్టలు వేస్తారు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, ఒకే పెద్ద కట్ట కట్టి ఊరుకోవడం. కట్టకు అటూ ఇటూ నీటి ఎత్తులో తేడా ఎక్కువైతే నీరు పక్కనున్న మెత్తటి పీట్‌ను కోసుకుని కట్టను తప్పించుకుపోతుంది. తక్కువ ఎత్తు కట్టలు వరసగా మెట్లలా ఉండాలి, రెక్కలు ఒడ్డులోకి బాగా చొచ్చుకుపోవాలి, వరద నీటికి మత్తడి వదలాలి. పడవలు తిరిగే కాలువైతే వాటికి దారి ఇవ్వకపోతే ఊరివాళ్లే కట్టను తెగ్గొడతారు. మరమ్మతు ప్రతి ఏటా కావాలి. 2020 నుంచి 2023 మొదటి దాకా వరసగా మూడు లానినా (ఎల్‌నినోకు వ్యతిరేకంగా పసిఫిక్ చల్లబడే దశ) శీతాకాలాలు వచ్చాయి, అక్కడ వానలు బాగా పడ్డాయి. నీరు నిలబెట్టడానికి అంతకంటే మంచి అదను ఉండదు. కానీ నిధులు కదిలేది పొగ కమ్మిన ఏడాదే.

ఇలా ఎండగట్టిన పీట్ నేలల్లో కొన్ని పామాయిల్ తోటలవే. మనం ప్రపంచంలోకెల్లా ఎక్కువ పామాయిల్ దిగుమతి చేసుకునే దేశం. అందులో చెప్పుకోదగ్గ భాగం కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో దిగి అక్కడి రిఫైనరీలకు వెళుతుంది. ఏ తోట నుంచి, ఏ రకం నేల నుంచి వచ్చిన నూనో అడిగే హక్కు కొనేవాళ్లకు ఉంది. అడగాలి కూడా.

సముద్రం ప్రభావం ఇండోనేసియాతో ఆగదు. పైన చెప్పిన మూడో లానినా శీతాకాలం మన గాలినీ మార్చింది. 2022-23 చలికాలంలో ఘజియాబాద్‌లో గాలి దాదాపు 33 శాతం మెరుగుపడగా, ముంబైలో దాదాపు 30 శాతం చెడిందని బెంగళూరులోని పరిశోధన సంస్థ నియాస్‌లో గుఫ్రాన్ బేగ్ బృందం తేల్చింది. ఉత్తరాన గాలుల తీరు మారి పంట వ్యర్థాల పొగ పక్కకు తప్పుకుంది. ముంబైలో రెండు మూడు రోజులకోసారి దిశ మార్చుకుని నగరాన్ని కడిగే గాలి, వారం దాటినా మారలేదు. ఘజియాబాద్‌లో పెరిగిన మంచి రోజులు ఎవరి పనితనమూ కాదు, ముంబైలో పెరిగిన కాలుష్యమంతా ఆ ఏడు అదనంగా వదిలినదీ కాదు.

ఇది హైదరాబాద్, విశాఖ, విజయవాడలకు డబ్బుతో ముడిపడిన విషయం. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2017-18తో పోల్చి 2025-26కల్లా పీఎం 10ని (పీఎం 2.5 కంటే కాస్త ముతక ధూళిని కూడా కలిపిన లెక్క) 40 శాతం తగ్గించాలంది. పది లక్షలు దాటిన నగరాలకు 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంట్లను కూడా ఏటేటా గాలి మెరుగుదలకు ముడిపెట్టారు. ఒక ఏడాదిని మరో ఏడాదితో నేరుగా పోల్చే ఈ పద్ధతిలో గాలి వేగం, వాన, నేల మీది గాలి ఎంత ఎత్తుదాకా కలుస్తోందన్న లెక్క ఎక్కడా లేదు. ఈ మూడింటి ప్రభావాన్ని తీసేసి అసలు ఉద్గారాల వల్ల వచ్చిన మార్పును విడిగా చూపే గణాంక పద్ధతులు ఇప్పటికే వాడుకలో ఉన్నాయి. నగరాల నివేదికల్లో మామూలు సగటు పక్కన ఆ సవరించిన అంకెను, ఆ ఏడాది ఎల్‌నినో, డైపోల్ సూచీలను కలిపి ప్రచురించాలి. ఆ సూచీలు ప్రతి నెలా ఉచితంగా దొరుకుతున్నాయి.