హార్డ్ డిస్క్ సీరియల్ నంబరు గారికి, నల్లగొండ నుంచి

అయ్యా,

తయారుచేసిన కంపెనీ ఒక్కో డిస్క్‌కు ఒక్కోటిగా పెట్టే పేరు మీరు, మొత్తం కలిపి ఇరవై అక్షరాలు. ఆ ఇరవై అక్షరాల కోసం సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో నేను పడ్డ పాట్లు తలుచుకుంటే, పాస్‌బుక్కు కోసం మా నాయన తిరిగిన తిరుగుడే నయమనిపిస్తుంది. ఆయనకు కనీసం మధ్యలో టీ దొరికేది.

మొదట్లో మీ పేరు చెప్పుకుని ఇంకొకరు నన్ను ముంచారు. విండోస్‌ను గెట్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే ఫంక్షన్‌తో అడిగితే టక్కున ఒక సీరియల్ నంబరు వచ్చింది. మీరే అనుకున్నాను. తీరా చూస్తే అది ఫార్మాట్ కొట్టిన తేదీ, టైము కలిపి విండోస్ పెట్టిన ముద్దుపేరు. మళ్లీ ఫార్మాట్ కొడితే మళ్లీ కొత్త పేరు. దాన్నే తాళం చేసి, ఆ నంబరున్న కంప్యూటర్‌లోనే తెరుచుకునేలా, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు కాంటా బిల్లుల ప్రోగ్రామ్ అమ్మాను. ఒక్క సీడీ ఇస్తే ఎన్ని మిల్లులకు పాకుతుందోనని భయం. మిర్యాలగూడలో మిల్లులకు కరువా? నెల తిరక్కుండానే రిపేరు పిల్లగాడు వైరస్ వచ్చిందని ఫార్మాట్ కొట్టాడు. నంబరు మారి ప్రోగ్రామ్‌కు తాళం పడింది.

అప్పుడు బయల్దేరాను మీ అసలు ఇంటికి. ఫిజికల్‌డ్రైవ్ జీరో (విండోస్‌లో మొదటి డిస్క్ పేరు) తలుపు తట్టాలంటే సీలో నాలుగు బ్యాక్‌స్లాష్‌లు, ఒక చుక్క, మళ్లీ రెండు బ్యాక్‌స్లాష్‌లు. డివైస్ ఐఓ కంట్రోల్ అనే ఇంకో ఫంక్షన్ ద్వారా అర్జీ పెట్టుకుంటే మిమ్మల్ని చూపించరు, సీరియల్ నంబర్ ఆఫ్‌సెట్ అని ఒక అంకె చేతిలో పెడతారు. ఇక్కణ్నుంచి అన్ని బైట్లు నడువు, అక్కడుంటారు అని. సున్నా ఇస్తే ఇంట్లో లేరని. యూఎస్‌బీ డబ్బాలో ఉన్నారా, ఒక్కోసారి డబ్బా తన నంబరే చెప్పి పంపేస్తుంది.

విసుగొచ్చి నేరుగా డిస్క్‌నే అడిగాను. ఐడెంటిఫై అనే ఆదేశమిస్తే 512 బైట్ల జాతకం ఇస్తుంది. రెండేసి బైట్లకు ఒక వర్డు, అందులో 10 నుంచి 19 దాకా తమరు. దానికి అడ్మినిస్ట్రేటర్ పర్మిషన్ కావాలి కాబట్టి మిల్లు గుమాస్తా రోజూ పొద్దున్నే ‘ఎస్’ నొక్కేవాడు, దేనికో తెలియకుండానే. ఇంతా చేస్తే ప్రతి వర్డులోనూ వెనకక్షరం ముందుకు, ముందక్షరం వెనక్కి! నల్లగొండ అని రాయాల్సిన చోట ‘ల్లనడగొం’ అని రాసినట్టు. సరిచేయడానికి చిన్న లూపు, అంటే ఒకే పనిని తిప్పి తిప్పి చేసే నాలుగు లైన్లు, చాలు. నేను రాయలేదు. తాళానికి అర్థం ఎందుకు, రోజూ ఒకేలా ఉంటే చాలదా అనుకున్నాను.

యాసంగి వడ్లు దిగుతున్న రోజుల్లో డిస్క్ పోయింది. కొత్త డిస్క్ (ఎస్ఎస్‌డీ) పెట్టించి, బ్యాకప్ ఎక్కించి తెరిస్తే ఎర్రక్షరాలతో ‘ఇది దొంగ కాపీ’. బయట కాంటా ముందు ట్రాక్టర్ల వరుస. సేటు ఫోన్ చేశాడు.

“ఇరవై ఏండ్ల సంది మిల్లు నడుపుతున్న. ఎవ్వడు నన్ను దొంగ అనలే. నీ కంప్యూటర్ అంటున్నది. ఏంది కథ?”

తాళం తీసే కొత్త కీ ఇవ్వాలంటే కొత్త డిస్క్ నంబరు కావాలి. దొంగకు ఆచూకీ దొరక్కూడదని దాన్ని తెరమీద చూపించకుండా రాసిన తెలివి నాదే. గడియారం సెంటర్లో, ఒళ్లో ల్యాప్‌టాప్, చేతిలో చల్లారిన టీ. ఫోన్ గుమాస్తా అందుకున్నాడు.

“సార్, డబ్బా ఇప్పిన. కొత్త డిస్క్ మీద చిట్టీ అంటించి ఉన్నది. ఎస్ ఎన్ అని ఏదో నంబరున్నది. సదవాల్నా?”

చదివాడు. అర నిమిషం పట్టింది. కీ తయారుచేసి పంపాను. పడలేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆ రాయని లూపు. టీకొట్టు కాగితం మీద రెండేసి అక్షరాలు అటూ ఇటూ మార్చి రాసి మళ్లీ పంపితే కాంటా కదిలింది.

చచ్చిన డిస్క్ ఇప్పుడు సేటు టేబుల్ మీద, ఆ రోజు చేత్తో రాసిన బిల్లులు ఫ్యాను గాలికి ఎగరకుండా కూర్చుంది. స్టిక్కరు మీద మీరు నిక్షేపంగా ఉన్నారు. మొన్న నేను వెళ్తే సేటు ఏమీ అనలేదు. దాన్ని నాకు కనిపించేలా ఇటు తిప్పిపెట్టాడు.

ఇట్లు,
ల్లనడగొం వాస్తవ్యుడు